రీటేక్ లేని పరీక్షలో నెగ్గిన ఫిడేలు

చూపు సరిగా లేదు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. చూపించుకోవడానికి పెద్ద సర్టిఫికెట్లేమీ లేవు. గట్టిగా వచ్చింది ఒకే ఒక్క విద్య. ఇలాంటి బయోడేటా ఈ రోజుల్లో ఏ ఆఫీసుకి వెళ్లినా మొదటి రౌండులోనే పక్కన పెట్టేస్తారు. కానీ 1919లో ఆ కుర్రాడు విజయనగరంలో ఏకంగా కాలేజీ అధ్యాపకుడైపోయాడు. పదిహేడేళ్ల తర్వాత అదే కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. మరో రెండేళ్లకి, నలభై అయిదో ఏట, అప్పటిదాకా కర్ణాటక సంగీతంలో లేదనే చెప్పదగ్గ ఒక స్థానాన్ని తన వాయిద్యానికి సంపాదించిపెట్టారు. ఆయనే ద్వారం వెంకటస్వామి నాయుడు. జనం నోట్లో ఫిడేలు నాయుడుగారు.

శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డునున్న మా భావనపాడులో వయొలిన్ అంటే చాలామందికి సినిమా పాట మధ్యలో వచ్చే మ్యూజిక్కే. పోర్టు పనులు ఎంతవరకొచ్చాయి, ఏ కంపెనీ ఎవరిని తీసుకుంటోంది, గ్రూప్స్ నోటిఫికేషన్ ఎప్పుడు.. మా కుర్రాళ్ల మాటలన్నీ వీటి చుట్టూనే. అందుకే ఈ కథ చెప్పాలనిపించింది. నౌపడలో రైలెక్కితే పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలిగేంత దూరంలో ఉన్న విజయనగరంలో, ఒక మనిషి కేవలం పని చూపించి ఉద్యోగం తెచ్చుకున్న కథ ఇది. ఆయన చూపించిన పని రికార్డుల్లో ఇంకా మిగిలే ఉంది. మనం ఇవాళ కూడా విని మార్కులేసుకోవచ్చు.

అన్నయ్యే మొదటి గురువు

వెంకటస్వామి నాయుడు 1893 నవంబరు 8న బెంగళూరులో పుట్టారు. తండ్రిది సైన్యంలో ఉద్యోగం. పెరిగింది మాత్రం విశాఖపట్నంలో. చిన్నప్పటి నుంచీ చూపు మందం. బోర్డు మీది అక్షరాలు కనపడని పిల్లాడికి బడి ఎలా సాగుతుంది? చదువు ఆగిపోయింది.

అన్నయ్య వెంకటకృష్ణయ్య రైల్వేలో గార్డు. ఆయనకి వయొలిన్ వాయించడం వచ్చు. తమ్ముడికి మొదటి పాఠాలు ఆయనే చెప్పారు. ఇక్కడొక విషయం గమనించాలి. సంగీతంలో చూపు కంటే చెవి ముఖ్యం. వయొలిన్‌లో అది ఇంకా ఎక్కువ. వీణ మీద మెట్లుంటాయి, వేలు ఎక్కడ పెట్టాలో అవే చెబుతాయి. వయొలిన్ మెడ మీద ఏ గుర్తూ ఉండదు. వేలు వెంట్రుకవాసి జరిగినా స్వరం తప్పుతుంది. ఎక్కడ ఆపాలో కన్ను చెప్పలేదు, చెవే చెప్పాలి. బడిలో తనని వెనక్కి లాగిన లోపం ఈ వాయిద్యం దగ్గర అడ్డు కాలేదు. ఇంట్లో వాళ్లు దాన్ని కనిపెట్టి, వచ్చిన పనిలోనే ముందుకి పంపించారు.

సీటు అడగడానికి వెళ్తే..

1919లో విజయనగరం మహారాజు పూసపాటి విజయరామ గజపతిరాజు సంగీత పాఠశాల ఒకటి పెట్టించారు. కోటలో పనిచేసే ఒక ఉద్యోగికి చూపులేని కొడుకు ఉండేవాడనీ, ఆ పిల్లాడు సంగీతం నేర్చుకోవడానికి ఏర్పాటు చేయబోయి ఏకంగా పాఠశాలే పెట్టారనీ చెబుతారు. దానికి మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. సంగీతం, సాహిత్యం, నాట్యం మూడూ ఒక్క మనిషిలో కలిసిన మహాపండితుడు. ఆయన ముందు నిలబడడమంటే మాటలు కాదు.

వెంకటస్వామి నాయుడు ఆ పాఠశాలకి వెళ్లింది విద్యార్థిగా చేరడానికని ఈ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. వాయించమన్నారు. వాయించారు. విన్నవాళ్లకి అర్థమైంది, ఈ కుర్రాడిని బెంచీ మీద కూర్చోబెట్టడం కాదు, పాఠం చెప్పించాలని. అలా 26వ ఏట ఆయన ఆ పాఠశాలలో వయొలిన్ ఆచార్యుడయ్యారు.

ఈ కథని చాలామంది అదృష్టం ఖాతాలో వేసేస్తారు. నాకు అలా అనిపించదు. అక్కడ మూడు సంగతులు కలిశాయి. ఒకటి, అడిగిన క్షణంలో చూపించడానికి ఆయన దగ్గర సిద్ధంగా ఉన్న పని. రెండు, ఆ పని విలువ తెలిసిన మనిషి ఎదురుగా ఉండడం. మూడు, విద్యార్థిగా చేరడానికైనా సరే వెళ్లడం. తనకి వచ్చింది చాల్లే అనుకుని విశాఖపట్నంలోనే ఉండిపోతే ఈ మూడోది జరిగేదే కాదు.

పక్కన కూర్చుని చేసే ఉద్యోగం

వయొలిన్ మన దేశంలో పుట్టింది కాదు. తెల్లవాళ్లతో వచ్చింది. ముత్తుస్వామి దీక్షితులు తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. పాశ్చాత్యులు నిలబడి, భుజానికి ఆనించి వాయిస్తే, మనవాళ్లు నేల మీద కూర్చుని దాని తలని పాదం మీద ఆనించుకుని వాయిస్తారు. తీగలు శ్రుతి చేసే పద్ధతీ మార్చేశారు. మన గొంతులోని గమకాన్ని అచ్చంగా పలికించే వాయిద్యం కావడంతో గాయకుల పక్కన దానికి శాశ్వతంగా చోటు దొరికింది. కానీ ఆ చోటు పక్కనే. మధ్యలో కాదు.

పక్కవాయిద్యం అంటే తేలికని అనుకోకండి. కర్ణాటక కచేరీకి సాధారణంగా రిహార్సల్ ఉండదు. ఏ కీర్తన పాడతారో వేదిక ఎక్కాకే తెలుస్తుంది. గాయకుడు రాగం ఎత్తుకుంటే ఆ క్షణంలోనే దాన్ని పట్టుకుని నీడలా వెనకే వెళ్లాలి. ఆయన ఊపిరి తీసుకునే సందులో తను పూరించాలి. కల్పనస్వరాలు వేస్తే అప్పటికప్పుడు జవాబివ్వాలి. ఆయన కంటే ముందుకి దూకకూడదు, వెనకబడకూడదు. బాగా వాయిస్తే చప్పట్లు గాయకుడికి, తప్పు దొర్లితే చూపులన్నీ నీ వైపు.

టీమ్‌లో జూనియర్‌గా చేరిన వాళ్లకి ఈ పరిస్థితి బాగా తెలుస్తుంది. నాయుడుగారు ఆ పనిని ఏళ్ల తరబడి, దక్షిణాదిలోని పెద్ద విద్వాంసుల పక్కన కూర్చుని చేశారు. ఆ కాలాన్ని ఎదురుచూపుగా గడిపేయలేదు. కమాను మీద పట్టు పెంచుకోవడానికి వాడుకున్నారు. పాశ్చాత్య వయొలిన్ పద్ధతిలో కమాను ఎలా లాగుతారో, వేళ్లని ఎలా నడిపిస్తారో గమనించి, మన సంగీతానికి పనికొచ్చేంత వరకే తీసుకున్నారు. పొడవాటి కమాను, తొణకని నాదం, ఎంత వేగంలోనైనా విడివిడిగా వినిపించే స్వరం ఆయన ముద్ర అయ్యాయి. పరాయి టెక్నిక్ నేర్చుకున్నారు గానీ పరాయి సంగీతం వాయించలేదు. కొత్త టూల్ నేర్చుకునే ప్రతి ఇంజినీరూ గుర్తుపెట్టుకోదగ్గ తేడా ఇది.

నలభై అయిదో ఏట సోలో

1936లో నారాయణదాసు పదవి నుంచి తప్పుకున్నాక నాయుడుగారు ప్రిన్సిపాల్ అయ్యారు. గౌరవమైన ఉద్యోగం, పేరు, శిష్యులు అన్నీ ఉన్నాయి. చాలామంది ఇక్కడితో చాలనుకుంటారు.

ఆయన 1938లో వేలూరులో సోలో వయొలిన్ కచేరీ చేశారు. వేదిక మధ్యలో గాయకుడు లేడు, వయొలినే ఉంది. ఇవాళ మనకి ఇది మామూలు విషయం. అప్పట్లో కాదు. కీర్తన అంటే మాటలు కదా, మాటల్లేకుండా గంటల తరబడి ఎవరు కూర్చుంటారన్న అనుమానం ఉండేది. సాహిత్యం లేకపోయినా విన్నవాళ్లకి మాట వినపడాలంటే, ఎక్కడ అక్షరం పడుతుందో అక్కడే కమాను తిరగాలి. పాట మొత్తం మనసులో పాడుకుంటూ వాయించేవాడికే అది సాధ్యం. ఇరవై ఏళ్లు గాయకుల గొంతుల్ని వెంటాడిన పక్కవాయిద్యగాడికి అదే పెట్టుబడైంది. కర్ణాటక సంగీతంలో సోలో వయొలిన్‌కి దారి వేసింది ఎవరంటే ముందుగా చెప్పుకునే పేరు ఇవాళ్టికీ ఆయనదే.

మూడేళ్ల తర్వాత, 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకి సంగీత కళానిధి బిరుదునిచ్చింది. 1952లో ప్రపంచ ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనుహిన్ మన దేశానికి వచ్చినప్పుడు మద్రాసులో నాయుడుగారి వయొలిన్ విని ముగ్ధుడయ్యారు. 1953లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1957లో పద్మశ్రీ వచ్చాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణతో గౌరవించింది.

మూడు నిమిషాల పెట్టె

ఇక నాకు బాగా ఇష్టమైన భాగం, రికార్డింగుల సంగతి. నాయుడుగారి రోజుల్లో పాట రికార్డు చేయడమంటే నిమిషానికి 78 సార్లు తిరిగే లక్క ప్లేటు. చిన్న సైజు ప్లేటుకి ఒక వైపు మూడు నిమిషాలకి అటూ ఇటూ పడుతుంది. కచేరీలో అరగంట సాగే రాగాన్ని అందులో ఎలా ఇరికిస్తారు? ఆలాపన రెండు ముక్కల్లో ముగించాలి, కీర్తన పరుగెత్తాలి, నెరవులూ స్వరాలూ దాదాపు వదిలేయాలి. టేపు లేని కాలం కాబట్టి కత్తిరించి అతికించే వీలూ లేదు. ఒక్క తప్పు పడితే ఆ ప్లేటు పోయినట్టే, మళ్లీ మొదటి నుంచీ వాయించాలి.

ఇది మన దగ్గరి ఇబ్బందే కాదు. అదే కాలంలో జర్మనీలో విల్‌హెల్మ్ ఫుర్ట్‌వాంగ్లర్ అనే గొప్ప కండక్టర్ ఉండేవారు. కండక్టర్ అంటే తను ఏ వాయిద్యమూ పట్టకుండా వంద మంది వాద్యగాళ్లని చేతి కదలికలతో నడిపించే మనిషి. వాళ్లు వాయించే సింఫనీ ముప్పావుగంట, గంట సాగుతుంది. 78 ప్లేట్ల మీదకి ఎక్కించాలంటే దాన్ని నాలుగైదు నిమిషాల ముక్కలుగా నరకాల్సిందే. ఫుర్ట్‌వాంగ్లర్ స్టూడియో రికార్డుల కంటే జనం ముందు జరిగిన కచేరీల్లో పట్టుకున్న రికార్డింగుల్నే ఇప్పటికీ సంగీతాభిమానులు ఎక్కువ వెతుక్కుంటారు. వాటిలో పేరు మోసింది 1951 జులై 29న బైరాయిట్ పట్టణంలో నడిపించిన బీథోవెన్ తొమ్మిదో సింఫనీ. అందులో దగ్గులున్నాయి, చిన్న చిన్న తడబాట్లున్నాయి. అయినా దాన్నే వింటారు. ఎందుకంటే అక్కడ సంగీతం ముక్కలు కాలేదు. మొదలైన ఆలోచన చివరిదాకా ఒకే ఊపిరిలో నడిచింది.

నాయుడుగారి విషయంలోనూ అంతే. ఆయన గ్రామఫోన్ రికార్డులు మూడు నిమిషాల్లో ఎంత చెప్పొచ్చో చూపిస్తాయి. ఒక్క స్వరం వృథా పోదు. ఇంటర్వ్యూలో మీ గురించి చెప్పండి అనగానే మనం రెండు నిమిషాల్లో తడబడతాం చూడండి, ఆ రికార్డులు వినాల్సింది అప్పుడే. మరోవైపు, రేడియో కచేరీల నుంచి మిగిలిన రికార్డింగుల్లో మనిషి పూర్తిగా కనిపిస్తారు. రాగాన్ని తొందర లేకుండా కింద నుంచి కట్టుకుంటూ వెళ్లడం, మృదంగం వేసిన లెక్కకి అప్పటికప్పుడు స్పందించడం, ఒక సంగతి పలికాక దాని మీదే నిలబడి ఇంకో మలుపు వెతకడం వినిపిస్తాయి. ఎడిటింగ్ లేదు, ఆటోట్యూన్ లేదు. ఆ రోజు ఆ గంటలో చేతిలో ఎంత విద్య ఉందో అంతే వినిపిస్తుంది. రీటేక్ లేని పరీక్ష అంటే అదే. ఆయన జీవితమంతా రాసింది ఆ పరీక్షే. 1919లో నారాయణదాసు ముందు రాసింది కూడా.

వెనక వచ్చినవాళ్లు

నాయుడుగారు ప్రిన్సిపాల్‌గా ఉన్న రోజుల్లోనే ఘంటసాల ఆ కాలేజీలో చదువుకున్నారు. పి.సుశీల కూడా ఆ కాలేజీ విద్యార్థే. గాత్ర విద్వాంసుడు నేదునూరి కృష్ణమూర్తి సంగీతానికి పునాది పడిందీ అక్కడే, ద్వారం వారి కుటుంబానికే చెందిన ద్వారం నరసింగరావు నాయుడు దగ్గర. కుమారుడు భావనారాయణరావు, కుమార్తె మంగతాయారు వయొలిన్ విద్వాంసులుగా పేరు తెచ్చుకున్నారు. కోటలో ఒక్క పిల్లాడి కోసమని మొదలైన బడి నుంచి తెలుగువాళ్లు రోజూ వినే గొంతులు వచ్చాయి.

1964 నవంబరు 25న నాయుడుగారు కన్నుమూశారు. శతజయంతి ఏడాది 1993లో తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు వేసింది.

మరి మనకేంటి?

ముందు ఒక నిజం ఒప్పుకుందాం. ఇవాళ అదే పోస్టుకి ప్రకటన వస్తే, నాయుడుగారి దరఖాస్తు వెబ్‌సైట్‌లో మొదటి పేజీ దాటదు. విద్యార్హత కాలమ్ ఖాళీగా ఉంటే సిస్టమ్ ముందుకి పోనివ్వదు. ఆయన వాయించేదాకా ఎవరూ రానివ్వరు. రాజుగారి కొలువు రోజులు వేరు, లక్షల దరఖాస్తుల రోజులు వేరు. కాబట్టి ఈ కథ చదివి డిగ్రీ అక్కర్లేదనుకుంటే తప్పు అర్థం చేసుకున్నట్టే. డిగ్రీ గేటు తీస్తుంది. దాన్ని చులకన చేయకండి.

కానీ గేటు లోపలికి వెళ్లాక ఏం జరుగుతుంది? టెక్నికల్ రౌండులో ఖాళీ స్క్రీన్ పెట్టి కోడ్ రాయమంటారు. డెమో క్లాసు చెప్పమంటారు. వర్క్‌షాపులో జాబు ఇచ్చి చేసి చూపించమంటారు. అక్కడ వందేళ్ల కిందటి పద్ధతే ఇంకా నడుస్తోంది. వాయించమంటారు, వాయించాలి. ఆ క్షణం కోసం నాయుడుగారి జీవితం నుంచి నేను తీసుకునేవి ఇవి.

చేసిన పనికి రికార్డు ఉంచుకోండి. ప్రాజెక్టు కోడ్ కావచ్చు, చెప్పిన పాఠం వీడియో కావచ్చు, గీసిన డ్రాయింగ్ కావచ్చు. ఎవరైనా విని, చూసి తేల్చుకోగలిగేలా ఉండాలి. రెజ్యూమేలో రాసిన విశేషణాల కంటే అది బలంగా మాట్లాడుతుంది.

పక్కవాయిద్యం పనిని తక్కువగా చూడకండి. సపోర్ట్, టెస్టింగ్, అసిస్టెంట్.. మొదటి ఉద్యోగం ఏదైనా, మధ్యలో కూర్చున్నవాళ్లు ఎలా ఆలోచిస్తారో అంత దగ్గర నుంచి వినే అవకాశం ఇంకెక్కడా రాదు.

ఆలస్యమైందని కుంగిపోకండి. ఇరవై మూడేళ్లకే ప్యాకేజీ రాలేదని ఊళ్లో అడిగేవాళ్లకి జవాబు చెప్పలేక తలదించుకుని తిరిగే స్నేహితులు మనందరికీ ఉన్నారు. ఈయన సోలో కచేరీ చేసేసరికి వయసు నలభై అయిదు దగ్గర.

నేర్చుకోవడానికి వెళ్తూనే ఉండండి. విద్యార్థిగా చేరడానికి వెళ్లబట్టే కదా ఆచార్యుడయ్యారు.

ఎలా వినాలి?

యూట్యూబ్‌లో ద్వారం వెంకటస్వామి నాయుడు అని తెలుగులో టైపు చేసినా దొరుకుతాయి. ముందు ఒక మూడు నిమిషాల పాత రికార్డు వినండి. తర్వాత నిడివి ఎక్కువున్న రేడియో రికార్డింగ్ వినండి. అవి మోనో రికార్డింగులు కాబట్టి ఇయర్‌ఫోన్స్‌లో బాస్ బూస్ట్, సరౌండ్ లాంటివి ఆపేయండి. గరగరలాడుతుందని నాయిస్ తగ్గించే యాప్‌లో వేయకండి, దాంతోపాటు కమాను తీగ మీద రాసుకునే సవ్వడి కూడా పోతుంది. రెండు నిమిషాలయ్యాక చెవి ఆ గరగరని తనే పక్కకి నెట్టేస్తుంది.

ఈ రంగంలో దారులు

* సంగీత విద్య: విజయనగరం మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఇప్పటికీ నడుస్తోంది. సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులున్నాయి. గాత్రం, వయొలిన్, వీణ, మృదంగం, నృత్యం వంటి విభాగాలున్నాయి.

* ఆకాశవాణి: ఆడిషన్‌లో నెగ్గితే కళాకారులకి గ్రేడు ఇస్తారు. బి, బి-హై, ఎ, టాప్ అని అంచెలుంటాయి. అక్కడ కూడా మార్కులు వేసేది వాయించినదానికే.

* సౌండ్ ఇంజినీరింగ్: పుణెలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లలో సౌండ్ కోర్సులున్నాయి. డిగ్రీ, ఇంజినీరింగ్ చదివినవాళ్లు ప్రయత్నించొచ్చు.

* పాత రికార్డుల డిజిటైజేషన్: 78 ప్లేటుకి ఎల్పీ ముల్లు పనికిరాదు, అంతకంటే లావుది కావాలి. సరైన వేగం, శ్రుతి చూసుకుని 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వంటి ఉన్నత ప్రమాణంలో భద్రపరచాలి. ఎలక్ట్రానిక్స్ తెలిసి, రాగం పేరు చెప్పగల చెవి కూడా ఉన్న కుర్రాళ్లు ఈ పనికి చాలా తక్కువ. ఆ రెండూ ఉన్నవాళ్లు మన జిల్లాల్లోనే ఉండొచ్చు. ఇంటి అటక మీద పాత టేపులేమైనా ఉంటే, మొదటి ప్రాజెక్టు అక్కడి నుంచే మొదలుపెట్టండి.